ధ్యానంలో ముందే తెలిసినట్టు అనిపించడం నమ్మదగినదేనా?

ప్రశ్న (తిరుపతి, బట్టల కొట్టు): పొద్దున్నే కపిలతీర్థం దగ్గర కూర్చుని శ్వాసను గమనిస్తుంటాను. ఈ మధ్య ఎవరికి అప్పు ఇవ్వకూడదో మొహం చూడగానే తెలిసిపోతున్నట్టు ఉంటోంది. మా వదిన అయితే నాకు దివ్యదృష్టి వచ్చిందని వీధంతా చెబుతోంది. ఇది నిజమైన అంతర్దృష్టేనా, ఇంకా పెంచుకోవచ్చా?

జవాబు (చిత్తూరు, విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు): అమ్మా, పతంజలి యోగసూత్రాల మూడో పాదంలో ప్రాతిభజ్ఞానం, అంటే దానంతట అదే స్ఫురించే తెలివిడి, ప్రస్తావన ఉంది. అదే పాదంలో ఇలాంటి శక్తులు సమాధికి అడ్డంకులనీ ఉంది. మీ వదినగారికి ఆ సంగతీ చెప్పండి.

జవాబు (చిత్తూరు, మామిడి గుజ్జు కర్మాగారం): నేను తోతాపురి కాయలు కొంటాను. లారీ దగ్గరికి వెళ్లగానే సరుకు సంగతి సగం తెలిసిపోతుంది. ధ్యానం వల్ల కాదక్కా, కాయ కోస్తే తప్పో ఒప్పో వెంటనే బయటపడుతుంది కాబట్టి. 2009లో కానెమన్, క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పిందీ ఇదే: స్థిరమైన తీరున్న పనిలో, ఫలితం చూసి నేర్చుకునే వీలుంటేనే అంతర్దృష్టి నమ్మదగినది. మీరు అప్పు ఇవ్వని మనిషి తీర్చేవాడో కాదో మీకెలా తెలుస్తుంది? ధ్యానం వల్ల ఒక లాభం మాత్రం ఉంది. ఆ క్షణంలో మీకు ఆకలిగా ఉందా, చిరాకుగా ఉందా అన్నది పసిగట్టవచ్చు. అనిపించింది ముందే పుస్తకంలో రాసి, తర్వాత సరిచూడండి.

ప్రశ్న అడిగినవారు: సరే తమ్ముడూ. అనుమానం కలిగిన వాళ్లలో కొందరికి జాకెట్టు గుడ్డ వరకు అప్పిచ్చి చూస్తాను. మునిగితే వదిన ఖాతాలో రాస్తాను.