‘గాడ్‌ఫాదర్’ సంగీతానికి నామినేషన్ రద్దు చేయడం న్యాయమేనా?

చర్చ ప్రారంభం:
నీనో రోటా ‘ది గాడ్‌ఫాదర్’ (1972) చిత్రానికి కూర్చిన సంగీతం ఆస్కార్ నామినేషన్ పొందాక, అందులోని ప్రేమ బాణీని ఆయనే 1958లో ‘ఫోర్తునెల్లా’ అనే ఇటాలియన్ చిత్రంలో వాడారని బయటపడింది. దాంతో 1973లో అకాడమీ ఆ నామినేషన్‌ను వెనక్కి తీసుకుంది. సొంత బాణీని మళ్ళీ వాడుకోవడం అంత పెద్ద తప్పా?

మొదటి స్పందన:
తప్పు కాదు. కానీ ఆ బహుమతి పేరులోనే ‘ఒరిజినల్’ అన్న మాట ఉంది. సొంతదైనా పాత బాణీ పాతదే. పదకొండో ఏటనే తాను రాసిన ఒరటోరియో (గాయక బృందం, వాద్యబృందం కలిసి వినిపించే భక్తి రచన) మిలాన్‌లో ప్రదర్శితమైన బాలమేధావి రోటా ప్రతిభను నేను శంకించడం లేదు. నియమం అందరికీ ఒక్కటే ఉండాలంటున్నాను.

రెండో స్పందన:
నియమం పట్ల మీ పట్టుదలను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. రెండు చిత్రాల బాణీలనూ ఒకదాని వెంట ఒకటి విన్నాను. ‘ఫోర్తునెల్లా’లో ఆ స్వరాలు చురుకైన నడకతో, నవ్వు పుట్టించే ధోరణిలో సాగిపోతాయి. ‘గాడ్‌ఫాదర్’లో కథానాయకుడు మైకేల్ సిసిలీలో అపొలోనియా అనే యువతిపై మనసు పడే ఘట్టానికి వచ్చేసరికి అదే స్వరక్రమం నెమ్మదించి, ఆ పెళ్ళి ఎక్కువ కాలం నిలవదని ముందే తెలిసినట్టుగా దిగులు నింపుకుంటుంది. నడక, వాద్యాలు, భావం అన్నీ మారిన తరువాత కూడా దాన్ని పాత సరుకు అనడం నాకు న్యాయంగా తోచదు. పైగా ‘గాడ్‌ఫాదర్’ మొదట్లో ఒంటరి ట్రంపెట్‌పై వినిపించే వాల్ట్జ్‌కు (మూడు తాళాల నృత్య బాణీకి) ‘ఫోర్తునెల్లా’తో సంబంధమే లేదు, ఒక్క బాణీ కోసం దాన్నీ పక్కన పెట్టేశారు.

తన స్వరాలను ఒక రచన నుంచి మరో రచనలోకి తీసుకెళ్ళి కొత్త ప్రాణం పోయడం రోటా పద్ధతి. విస్కోంతీ తీసిన ‘ఇల్ గాత్తోపార్దో’ (1963)లోనూ ఆయన 1940లలో వాద్యబృంద కచేరీ కోసం రాసిన సింఫనీయే వినిపిస్తుంది. ఒకవైపు బారి నగర సంగీత విద్యాలయానికి దశాబ్దాల పాటు సారథ్యం వహిస్తూ, మరోవైపు 150కి పైగా చిత్రాలకు పనిచేసిన ఆ మనిషికి కచేరీ సంగీతం వేరు, సినిమా సంగీతం వేరు అన్న గీత లేదు.

ఇక నియమం అందరికీ ఒక్కటే అన్నారు కదా, ఆ ఏడు గెలిచినది చాప్లిన్ ‘లైమ్‌లైట్’. 1952 నాటి చిత్రమైనా, ఆస్కార్ అర్హతకు లెక్కలోకి వచ్చే లాస్ ఏంజెలెస్‌లో 1972 దాకా ఆడలేదు కనుక దానికి అర్హత దక్కింది.

మొదటి స్పందన రాసినవారి జవాబు:
‘లైమ్‌లైట్’ పోలిక కుదరదు. ఎన్నేళ్ళ నాటిదైనా ఆ సంగీతం ఆ చిత్రం కోసమే కట్టినది. కానీ 1975లో ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగానికి, అందులో మొదటి భాగపు బాణీలు వినిపిస్తున్నా, రోటాకూ, మరో స్వరకర్త కార్మైన్ కొప్పోలాకూ కలిపి అదే అకాడమీ ఆస్కార్ ఇచ్చింది. దీన్ని నా వాదనతో సమర్థించుకోలేను. ఒక్క బాణీని కాక మొత్తం సంగీతాన్ని తూచి ఉండవలసిందన్న మీ మాటను ఒప్పుకుంటున్నాను.