అప్‌డేట్: హోల్డెన్ ఎర్ర టోపీ సంగతి తేలింది

రెండు వారాల క్రితం అడిగాను కదా, జె.డి. శాలింజర్ నవల ‘ది క్యాచర్ ఇన్ ద రై’ (1951)లో కథ చెప్పే కుర్రాడు హోల్డెన్ పెట్టుకునే ఎర్ర వేట టోపీకి అర్థమేంటని? సెమినార్ పేపర్ అయిపోయింది. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది ఒక్క సలహానే: "రంగుకి అర్థం వెతకడం మానేసి, టోపీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తోందో చూడు." చూశాను. హోల్డెన్ దాన్ని చెల్లెలు ఫీబీకి ఇస్తాడు. ఊరొదిలి పోతూ తనని వెంట తీసుకెళ్లనన్నందుకు ఆ పిల్ల కోపంతో దాన్ని అతని మొహాన కొట్టినంత పని చేస్తుంది. కాసేపటికి రంగులరాట్నం దగ్గర అతని కోటు జేబులోంచి తనే తీసి, అతని తలకి పెడుతుంది. అంతలో వాన. ఇన్నాళ్లూ పిల్లల్ని తనే కాపాడాలనుకున్నవాడికి పదేళ్ల పిల్ల టోపీ పెడుతోంది! చనిపోయిన తమ్ముడు ఆలీదీ, ఫీబీదీ ఎర్ర జుట్టేనని మా మేడమ్ గుర్తుచేశారు. రంగు సంగతి అక్కడ తేలిపోయింది.

ఎరుపంటే కమ్యూనిజం అన్న కోణం మాత్రం ఎక్కడా అతకలేదు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ బాతులు చలికాలంలో ఎక్కడికి పోతాయని హోల్డెన్ అడుగుతుంటాడు కదా, వాటి మీద రాసిన రెండు పేజీలూ కొట్టేశాను, అది వేరే పేపర్‌కి సరిపడా విషయం.