బంతి మొక్కకు కోడిజుట్టు లాంటి పువ్వు: విత్తనం దాచి లాభముందా?

మా మేడమీద కుండీల్లో వేసిన ముద్దబంతిలో ఒక మొక్క వింతగా పూసింది. కాడ గుండ్రంగా లేదు, బొటనవేలంత వెడల్పున రిబ్బన్‌లా చదునుగా సాగింది. చివర మూడు పువ్వులు ఒకదానికొకటి అతుక్కుని, అచ్చం కోడిజుట్టు పువ్వులా మడతలు పడ్డాయి. దిష్టి తగులుతుందని అమ్మ అప్పుడే ఎండుమిరపకాయలు కట్టేసింది!

దీన్ని ఫాసియేషన్ అంటారని తెలుసు. కోడిజుట్టు పువ్వులో ఆ గుణం విత్తనంతోనే వస్తుంది. కానీ మొగ్గకు దెబ్బ తగిలినా, బ్యాక్టీరియా సోకినా కాడ ఇలాగే అవుతుంది. అలాగైతే పిల్ల మొక్కలు మామూలుగానే పూస్తాయి. నువ్వుల్లో వచ్చే వెర్రి తెగులు లాంటిది మాత్రం కాదనుకుంటున్నా, రేకులు ఆకుల్లా పచ్చబడలేదు.

నా టెన్షన్ తేనెటీగలతో. పక్క కుండీల నిండా మామూలు బంతే, ఆ పుప్పొడి తెచ్చి దీనికి అంటిస్తాయేమో. పువ్వుకు పల్చటి గుడ్డసంచి కట్టి, అదే మొక్క పుప్పొడిని బ్రష్‌తో అద్దితే గింజ కడుతుందా? ముద్దబంతికి పుప్పొడి తక్కువ కదా. లేక కొమ్మ కత్తిరించి నాటడమే మేలా? చేసి చూసినవాళ్ళు ఉంటే కాస్త త్వరగా చెప్పండి. ఈ వారంలో ఆ కుండీలో టమాటా నారు వేస్తానంటున్నారు నాన్న.