ఎం.జి.బి. హెడ్ స్టడ్ ఒకటి విరిగింది, ఇంకోటి మరలతో సహా ఊడొచ్చింది, బ్లాక్ దక్కుతుందా?

ఎంవీపీ కాలనీ
అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1972 ఎం.జి.బి., బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, 1798 సీసీ ఇంజన్. ఆయన పోయాక నాలుగేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది, ఇల్లు బీచ్‌కి దగ్గర కావడంతో ఉప్పుగాలికి బాగా తుప్పు పట్టింది. గాస్కెట్ (ఇంజన్ పైభాగం హెడ్‌కీ, కింది భాగం బ్లాక్‌కీ మధ్య లీకు ఆపే పలచని రేకు) మార్చుదామని హెడ్ విప్పుతుంటే, రెండిటినీ కలిపి పట్టి ఉంచే మరల కడ్డీల్లో, అదే స్టడ్లలో, ఒకటి బ్లాక్ మట్టానికి విరిగింది, ఇంకోటి ఇనుప రజనుతో పాటు ఊడి చేతికొచ్చింది. హ్యాండ్ డ్రిల్‌తో తోడేసి కాస్త లావు స్టడ్ వేద్దామంటున్నాడు మెకానిక్. చాలా టెన్షన్‌గా ఉంది, మొదటిరోజు నన్ను స్కూల్లో దింపింది ఆ కారులోనే.

గాజువాక టర్నర్
తమ్ముడూ, హ్యాండ్ డ్రిల్ మాత్రం వద్దు. స్టడ్ గట్టి ఉక్కు, బ్లాక్ పోత ఇనుము, డ్రిల్ బిట్ మెత్తగా ఉన్న వైపుకే జారిపోతుంది, కన్నం పక్కకి పోతే ఇక బాధే. ముందు విరిగిన ముక్క మీద వాషర్ పెట్టి వెల్డింగ్ చేసి, దాని మీద నట్ అతికించండి. ఆ వేడికే తుప్పు పట్టు వదులుతుంది. చల్లారాక తుప్పు వదిలే ఆయిల్ వేసి, ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా కదపండి. ఈజీ అవుట్ (విరిగిన ముక్కలో కన్నం చేసి, అందులో దింపి తిప్పి లాగే పనిముట్టు) జోలికి వెళ్లొద్దు, అది లోపల విరిగితే మామూలు డ్రిల్ దాన్ని కొయ్యదు, కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని కరిగించి తీసే స్పార్క్ ఎరోజన్ మెషిన్ వెతుక్కోవాలి. నట్‌తో రాకపోతే ఇంజన్ దించి, బ్లాక్‌ని ఆటోనగర్‌లో మిల్లింగ్ మెషిన్ మీద పెట్టించండి. ఖర్చయినా అదే మేలు.

పాత బండ్లు
మరలు పోయిన కన్నానికి హెలికాయిల్ (కొత్త మరలిచ్చే తీగ చుట్ట) వేయించండి, లావు స్టడ్ అక్కర్లేదు. ఈ ఇంజన్‌లో బ్లాక్ వైపు 3/8 అంగుళం యూఎన్‌సీ (ముతక మరలు), నట్ వైపు యూఎన్‌ఎఫ్ (సన్న మరలు). దొరికింది కదా అని 10 ఎంఎం మెట్రిక్ స్టడ్ ఎక్కించకండి. మరలు లాగేసినప్పుడు కన్నం చుట్టూ ఇనుము కాస్త పైకి ఉబ్బుతుంది, స్కేల్ పెట్టి చూసి ఆ అంచు కొద్దిగా చెక్కించండి, లేకపోతే కొత్త గాస్కెట్ కూడా లీకవుతుంది.

ఎంవీపీ కాలనీ
చాలా థాంక్స్ అన్నా. కొత్త స్టడ్‌ని బ్లాక్‌లోకి ఎంత గట్టిగా బిగించాలి?

పాత బండ్లు
వేళ్లతో బిగిస్తే చాలు. ముందు కన్నంలో నీళ్లూ ఆయిలూ లేకుండా గాలి కొట్టించండి, అడుగున ద్రవం ఉండగా స్టడ్ దించితే బ్లాక్ పగలొచ్చు. నట్లు మాత్రం మాన్యువల్‌లోని వరుసలో, రెండు మూడు విడతలుగా, 45 నుంచి 50 పౌండ్ అడుగుల దాకా, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్‌తోనే. రాకర్ షాఫ్ట్ (వాల్వ్‌లను నొక్కే రాకర్ల ఇరుసు) పట్టుకునే నట్లలో నాలుగు హెడ్‌ని కూడా పట్టి ఉంచుతాయి, అందుకే వాల్వ్ పని కోసం రాకర్ విప్పినా ముందు రేడియేటర్ నీళ్లు తీసేసి, బయటి హెడ్ నట్లు కూడా వదులు చేయాలి. చాలామంది ఇది మర్చిపోయి సంప్‌లోకి (అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) నీళ్లు దింపుకుంటారు.

ఎంవీపీ కాలనీ
అర్థమైంది. సోమవారం బ్లాక్ ఆటోనగర్ వెళ్తుంది. స్టడ్లు 11కి 11 కొత్తవే వేయిస్తున్నాను.