నాలుగు వేల లోపు ఒక జేబుకత్తి, ఒక క్యాంపింగ్ కత్తి: ఏవి కొనాలి?

కొండదారి:
రోజువారీ పనికి జేబులో పట్టే మడత కత్తి ఒకటి, క్యాంపింగ్‌కి ఇంకొకటి కావాలి. రెండింటికీ కలిపి నాలుగు వేలు పెట్టగలను. పార్సిళ్లు విప్పడం, పళ్లు కోయడం, తాళ్లు తెంపడం, క్యాంపులో కూరగాయలు తరగడం, పొయ్యిలోకి పుల్లలు చీల్చడం, ఇంతే పని. ఆన్‌లైన్‌లో ఆరేడు వందలకి వెన్ను మీద రంపం, పిడిలో దిక్సూచి ఉన్న ‘సర్వైవల్’ కత్తులు కనిపిస్తున్నాయి. అవి నిలుస్తాయా? అరకుతో పాటు నల్లమల వైపు కూడా వెళ్లాలని ఉంది. చట్టం సంగతి కూడా చెప్పండి.

సానరాయి:
ఆ సర్వైవల్ కత్తులు వద్దండి. దిక్సూచి, అగ్గిపుల్లలు పట్టాలంటే పిడి డొల్లగా ఉండాలి. అప్పుడు బ్లేడు తోక (పిడిలోకి దిగే ఉక్కు భాగం) లోపలిదాకా వెళ్లదు, పిడి మొదట్లోనే ఒక నట్టుతో ఆగిపోతుంది. కట్టె మీద పెట్టి కొడితే విరిగేది అక్కడే. ఉక్కు గ్రేడు చెప్పకుండా ‘స్టెయిన్‌లెస్’ అని మాత్రమే రాశారంటే మెత్తటి ఉక్కు అని అనుమానించాలి. ఎంత నూరినా అట్టపెట్టెలు నాలుగు కోసేసరికి మొద్దుబారుతుంది.

క్యాంపుకి స్వీడన్‌లో తయారయ్యే మోరా కంపానియన్, స్టెయిన్‌లెస్ రకం. బ్లేడు సుమారు 10 సెం.మీ., మందం 2.5 మి.మీ. ఏటవాలు వెడల్పుగా, ఒకే వాలులో వాదర (కోసే అంచు) దాకా దిగుతుంది కాబట్టి ఆ వాలు మొత్తాన్ని రాయికి ఆనిస్తే కోణం దానంతటదే కుదురుతుంది. కొత్తగా నూరడం నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి కత్తి లేదు. దీని తోక పిడి చివరిదాకా ఉండదు. మణికట్టు లావు లోపు, ముడి లేని ఎండు కట్టె వరకే చీల్చండి. కత్తిని మెలితిప్పవద్దు.

జేబుకి ఫ్రాన్స్ వాళ్ల ఒపినెల్ నం. 8. బ్లేడు 8.5 సెం.మీ., బీచ్ చెక్క పిడి, తెరిచాక తిప్పి బిగించే ఉక్కు రింగు. బ్లేడు పలచన, అందుకే మామిడికాయ, టమాటా హాయిగా తెగుతాయి. లోపం ఒక్కటే: వానాకాలంలో చెక్క ఉబ్బి బ్లేడు బయటికి రాదు. రింగు విప్పి, పిడి వెనక చివరని గట్టి చెక్క మీద తడితే బ్లేడు కొద్దిగా లేస్తుంది. నీడలో ఆరబెట్టి, కీలు సందులో అవిసె నూనె పలచగా పట్టిస్తే మళ్లీ అంత సులువుగా ఉబ్బదు.

తీరంగాలి:
పై రెండూ సరైనవే. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో అయితే కార్బన్ ఉక్కు రకం తీసుకోవద్దు. నిమ్మకాయ కోసి తుడవకుండా పెడితే గంటలోపే మచ్చ పడుతుంది. చైనా మడత కత్తుల్లో డీ2 అనే గట్టి ఉక్కు రకం చవకగా దొరుకుతుంది, పదును బాగా నిలుస్తుంది. కానీ అందులోని 12 శాతం దాకా క్రోమియంలో చాలా భాగం కార్బైడ్లలో (కార్బన్‌తో కలిసిన గట్టి రేణువుల్లో) బిగుసుకుపోతుంది కాబట్టి తుప్పు పడుతుంది. పైగా మామూలు రాయి మీద నూరడం కష్టం.

లాక్ ఉన్న ఏ మడత కత్తి కొన్నా ముందు పరీక్షించండి. తెరిచి, బ్లేడు మూసుకునే దారిలో వేళ్లు లేకుండా పట్టుకుని, వెన్ను మీద చెక్కతో నెమ్మదిగా తట్టండి. లాక్ జారితే వెంటనే వెనక్కి పంపేయాలి. మడత కత్తిని సుత్తితో కొట్టి కట్టె చీల్చడం మాత్రం ఎప్పుడూ కూడదు, కీలు వదులైపోతుంది.

చట్టంబాట:
ఆయుధ నియమాలు, 2016 ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి, వ్యవసాయ పనులకు తయారైనవి అందులో లేవు. మీరు అనుకుంటున్న రెండూ ఆ కొలతలకి చాలా లోపలే ఉన్నాయి. బటన్ నొక్కితే స్ప్రింగుతో తెరుచుకునేవాటి జోలికి వెళ్లకండి.

అసలు జాగ్రత్త నల్లమలలోనే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ‘ఆయుధం’ నిర్వచనంలోనే కత్తులు ఉన్నాయి. 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు. కాబట్టి శ్రీశైలం, అమ్రాబాద్ వైపు ప్రవేశ అనుమతి తీసుకునేటప్పుడే కత్తి సంగతి అడగండి, ఒప్పుకోకపోతే ఇంట్లోనే వదిలేయండి. విమానంలో అయితే చెక్‌-ఇన్ సామానులోనే పెట్టాలి.

కొండదారి:
చాలా ఉపయోగపడిందండీ. రాయి ఏది కొనాలి? క్యాంపులో వెదురు కూడా చీల్చాల్సి వస్తే?

సానరాయి:
ఒకవైపు 400, మరోవైపు 1000 గ్రిట్ ఉన్న రాయి చాలు (గ్రిట్ అంటే గరుకు కొలత, అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు). మొద్దుబారితేనే 400, లేకపోతే నేరుగా 1000. రాయి తడిపి, రెండో వైపు వాదర పొడవునా సన్నటి పొర తిరిగి గోటికి తగిలేదాకా ఒకే వైపు నూరాలి. తర్వాత కత్తి తిప్పి అలాగే చేయాలి. చాలామంది ఆ పొర తీయకుండా ఆపేస్తారు. మొదట కాగితాన్ని చక్కగా కోస్తుంది, తర్వాత పొర ముడుచుకుని కత్తి మొండిదవుతుంది. ఆ పొర పోవడానికి చేతి ఒత్తిడి తగ్గిస్తూ వైపులు మార్చి కొన్నిసార్లు లాగి, తోలు బెల్టు లోపలి ముఖం మీద వెన్ను ముందుండేలా పదిసార్లు దువ్వండి.

వెదురుకి మోరా వద్దు. లారీ కమాను పట్టీతో కమ్మరి చేసిన మడ్డు కత్తి (నరకడానికి వాడే బరువైన కత్తి) తీసుకోండి, దెబ్బకి తట్టుకునే ఉక్కు అది. కొనేటప్పుడు వాదర దగ్గర నీలం రంగు ఉందేమో చూడండి. ఉంటే గ్రైండర్ వేడికి అక్కడ గట్టిదనం పోయి ఉండొచ్చు. వాదర మీద ఆకురాయి నెమ్మదిగా రాస్తే, తేలిగ్గా కొరుక్కుపోతే మెత్తన, జారుతూ కొద్దిగా మాత్రమే పట్టుకుంటే సరైనది.