పాత వాటర్ లూప్ మసకబారింది: వెనిగర్ పోస్తే సరిపోతుందా, మొత్తం విప్పాలా?

బెజవాడ_బిల్డర్:

నమస్తే అందరికీ. నా పీసీలో రైజన్ 5900ఎక్స్ సీపీయూ, 3080 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి, రెండింటికీ వాటర్ బ్లాకులే (చిప్ మీద కూర్చుని, లోపల తిరిగే నీళ్లతో వేడి లాగే రాగి దిమ్మలు). నీళ్లు తిరిగే ఈ దారి మొత్తాన్నే లూప్ అంటున్నా. పైన 360 మిల్లీమీటర్ల రేడియేటర్, ముందు 240ది, రిజర్వాయర్ కిందే బిగించిన డీ5 పంపు. ట్యూబులు మామూలు క్లియర్ పీవీసీ, కూలెంట్ తెల్లగా చిక్కగా ఉండే పాస్టెల్ రకం. కొత్తలో భలే ఉండేది లెండి. ఇప్పుడు రిజర్వాయర్ గోడకి తెల్లటి పొర కట్టి, అడుగున మడ్డి పేరుకుని, ట్యూబులు లోపల మసకబారి చూడబుద్ధి కావట్లేదు.

అసలు టెన్షన్ అది కాదు. సినీబెంచ్ (సీపీయూకి పూర్తి పని పెట్టే టెస్టు) పెడితే ఇదివరకు 75 దగ్గర ఆగే సీపీయూ ఇప్పుడు 88 దాకా పోతోంది. ఎండాకాలం కదా అని సరిపెట్టుకుందామంటే, ఏసీ వేసి గది చల్లబడ్డాక చూసినా పెద్ద తేడా లేదు. ఫ్యాన్లు, పంపు స్పీడు అన్నీ మునుపటిలాగే ఉన్నాయి. ఊళ్లో ఒక షాపులో అడిగితే, లూప్‌లో అర లీటరు వెనిగర్ పోసి రాత్రంతా పంపు తిప్పండి, తెల్లారేసరికి శుభ్రమైపోతుంది అన్నారు. నిజమేనా? పోనీ విప్పాల్సిందే అంటే ఎంతవరకు విప్పాలి? కడగడానికి, మళ్లీ నింపడానికి ఇంట్లో ఆర్ఓ నీళ్లు వాడొచ్చా?

రాగిఫిన్:

బ్రో, ముందు ఆ వెనిగర్ సీసా తీసుకెళ్లి వంటింట్లో పెట్టేయ్. పూత లేని రాగి మీద కాసేపు వాడితే పర్లేదు కానీ నీ బ్లాకులు దాదాపు ఖాయంగా నికెల్ పూతవే అయ్యుంటాయి, రాత్రంతా ఆమ్లంలో నానితే ఆ పూత దెబ్బతింటుంది. అంతకన్నా పెద్ద గొడవ ఇంకోటుంది. లూప్ బిగించి ఉండగానే మడ్డిని కదిపితే అది ఎక్కడికి పోతుంది? లూప్ మొత్తంలో సన్నటి జల్లెడ సీపీయూ బ్లాకే, అందులో రాగి రెక్కల మధ్య సందు మిల్లీమీటరులో నాలుగో వంతు అటూఇటూ ఉంటుంది. ట్యూబుల్లో, రేడియేటర్లలో ఉన్నదంతా ఊడొచ్చి అక్కడే కూర్చుంటుంది.

విప్పేముందు ఒక పని చెయ్. నీళ్ల టెంపరేచర్ సెన్సర్ ఉందా? లేకపోతే ఒక స్టాప్ ఫిట్టింగు (రంధ్రం మూసే బిరడా) స్థానంలో పెట్టే జీ1/4 మర సైజు సెన్సర్ దొరుకుతుంది, ఈ హాబీలో ఉన్నవాళ్లు మొదట కొనాల్సింది అదే, ఆర్‌జీబీ రంగు లైట్లు కాదు. టెస్టు అరగంట నడిపి మూడు అంకెలు రాసుకో: గది వేడి, నీళ్ల వేడి, సీపీయూ వేడి. గదికీ నీళ్లకీ తేడా బాగా పెరిగిందంటే రేడియేటర్లలో దుమ్మో, ఫ్యాన్లో, పంపు నీరసమో. నీళ్లు బాగానే ఉండి నీళ్లకీ సీపీయూకీ మధ్య తేడా పెరిగిందంటే బ్లాకు పూడింది, లేదా సీపీయూకీ బ్లాకుకీ మధ్య రాసే పేస్టు ఎండిపోయింది. ఉత్త సీపీయూ టెంపరేచర్ చూసి ఏదీ తేల్చలేం. బెజవాడ ఎండల్లో అయితే అసలే తేల్చలేం, గది 38 ఉంటే నీళ్లు 38 కంటే కిందికి రావు కదా, ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా.

ల్యాబ్_మాస్టారు:

నీళ్ల సంగతి నేను చెబుతానండీ. ఆర్ఓ నీళ్లు తాగడానికి, అంతే. బోరు నీళ్లని ఆర్ఓ మిషన్‌లో పోసినా బయటికొచ్చేదాంట్లో ఇంకా లవణాలుంటాయి, పైగా చాలా మిషన్లు రుచి కోసం ఖనిజాలు తిరిగి కలుపుతాయి. ఒక టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) కొనుక్కోండి, ఎప్పటికైనా పనికొస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు ఉంటాయి కదా, బ్యాటరీ షాపుల్లో, పెట్రోల్ బంకుల్లో అమ్మేవి, అవి వాడొచ్చు, కాకపోతే సీలు లేని క్యాను తీసుకోకండి, తెచ్చాక మీటర్ ముంచి చూడండి. సున్నా, ఒకటి, రెండు అలా చూపిస్తే మంచిది. పదులు కనిపిస్తే దాన్ని ఇన్వర్టర్‌లో కూడా పొయ్యకండి.

అలాగని ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి వదిలేయకూడదు. అందులో తుప్పుని ఆపే మందు లేదు, నాచు, బ్యాక్టీరియా పెరగకుండా ఆపేదీ లేదు. పారదర్శకంగా ఉండే కూలెంట్ కాన్సంట్రేట్ కొని సీసా మీద రాసిన పాళ్లలో కలపండి. ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న రకమైతే ఒక జాగ్రత్త: అది విషం, రుచికి తియ్యగా ఉంటుంది, పిల్లలకీ కుక్కలకీ అందేచోట మిగిలిన సీసా పెట్టకండి, పాత కూలెంట్‌ని బకెట్లో వదిలెయ్యకండి. నికెల్ బ్లాకులున్న లూప్‌లో వెండి కాయిల్, కాపర్ సల్ఫేట్ లాంటి పాతకాలం చిట్కాల జోలికి కూడా పోవద్దు.

చల్లగాలి:

ఈ గోలంతా ఎందుకు సార్, రెండు ఫ్యాన్ల టవర్ కూలర్ పెట్టుకుని హాయిగా పడుకోక. నా దాంట్లో ఆరు నెలలకోసారి దుమ్ము దులుపుతా, కథ అయిపోయింది.

బెజవాడ_బిల్డర్:

చల్లగాలి అన్నా, మా ఇంట్లో కూడా ఇదే మాట, ఈసారి లూప్ చెడితే మీ మాటే వింటా :)

రాగిఫిన్ అన్నా, సెన్సర్ పెట్టి చూశా. గది 33, నీళ్లు 39, సీపీయూ 88. అంటే బ్లాకే కదా? ధైర్యం చేసి నీళ్లు దించి విప్పేశా. జెట్ ప్లేటు (నీళ్లని రెక్కల మీదకి మళ్లించే చీలిక ఉన్న పలక) కింద రెక్కల మధ్యలో తెల్లటి ముద్ద, సరిగ్గా మధ్య గీత పొడుగునా, గోరుతో గీకితే జిడ్డుగా వస్తోంది. రెండు అంచుల్లో మాత్రం శుభ్రంగా ఉంది. ఇంకో విషయం, ఒకచోట నికెల్ పోయి రాగి రంగు కనిపిస్తోంది. బ్లాకు పారెయ్యాలా?

రాగిఫిన్:

నీళ్లకీ సీపీయూకీ మధ్య 49 డిగ్రీలు, ఇంకేం చూడక్కర్లేదు, బ్లాకే. రేడియేటర్లు వాటి పని అవి చేస్తున్నాయి. మధ్య గీత పొడుగునా ఎందుకంటే నీళ్లు జెట్ ప్లేటు చీలికలోంచి అక్కడే రెక్కల మీద పడతాయి, తర్వాత రెండు పక్కలకీ విడిపోతాయి. మోసుకొచ్చిన చెత్త మొదట తగులుకునేది అక్కడే. ఆ ముద్దలో సగం పాస్టెల్ రంగు పొడి, సగం నీ పీవీసీ ట్యూబులోంచి ఊరిన ప్లాస్టిసైజర్ (ట్యూబు మెత్తగా ఉండటానికి కలిపే పదార్థం), అందుకే గోరుకి జిడ్డు తగులుతోంది. ట్యూబులు మసకబారడానికీ అదే కారణం.

కడగడం పెద్ద విద్యేం కాదు. జెట్ ప్లేటు ఏ వైపు ఎలా ఉందో ఫోటో తీసుకుని పక్కన పెట్టు, ఓ-రింగు (లీకు కాకుండా ఆపే రబ్బరు రింగు) తీసి గిన్నెలో వేసుకో (సింకులో పోయిందంటే మళ్లీ ఆ సైజు దొరకడం కష్టం). గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి రెక్కలున్న రాగి ప్లేటుని పది నిమిషాలు నాననివ్వు. మెత్తటి టూత్‌బ్రష్‌తో రెక్కలు ఏ దిశలో ఉన్నాయో ఆ దిశలోనే రుద్దు, అడ్డంగా రుద్దితే రెక్క వంగుతుంది. సూది, పిన్ను, స్టీల్ పీచు వద్దు. మొండికేస్తే మళ్లీ నానబెట్టు, తొందరేముంది. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూస్తే ప్రతి సందూ విడివిడిగా కనబడాలి.

పై మూత యాక్రిలిక్ అయితే దాన్ని స్పిరిట్, ఐసోప్రొపైల్, అద్దాలు తుడిచే స్ప్రే వేటితోనూ తుడవకు, సన్న పగుళ్లు పడతాయి. సబ్బు నీళ్లే చాలు. సీపీయూ మీద పాత పేస్టు తుడవడానికి మాత్రం ఐసోప్రొపైలే వాడు, అది వేరే.

రాగి కనబడితే బ్లాకు పారెయ్యక్కర్లేదు. కింద ఉన్నది రాగే, వేడి లాగడంలో తేడా రాదు, నికెల్ ఎక్కువగా అందానికి, మరకలు పడకుండా ఉండటానికి. కానీ పొరలు పొరలుగా లేస్తున్నా, పచ్చగా గుంటలు పడ్డా అప్పుడు ఆలోచించాలి. లూప్‌లో ఎక్కడైనా అల్యూమినియం రేడియేటర్ గానీ ఫిట్టింగు గానీ ఉందేమో ఒకసారి చూడు, రాగితో కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది, ఆ చెత్త కూడా ఈ బ్లాకులోకే చేరుతుంది.

కార్డు బ్లాకు కూడా విప్పు, ఇది పూడితే అదీ కొంతైనా పట్టి ఉంటుంది. థర్మల్ ప్యాడ్లు (చిప్‌లకీ బ్లాకుకీ మధ్య వేడి దాటించే మెత్తటి ముక్కలు) చిరిగితే అదే మందం కొనాలి, మిల్లీమీటరు ప్యాడు చోట ఒకటిన్నర పెడితే బ్లాకు చిప్‌కి సరిగ్గా ఆనదు.

ల్యాబ్_మాస్టారు:

రేడియేటర్లకి వేరే పద్ధతండీ. ట్యూబులు, ఫిట్టింగులు అన్నీ తీసేశాక వేడి నీళ్లు సగం దాకా పోసి, రెండు రంధ్రాలకీ స్టాప్ ఫిట్టింగులు బిగించి గట్టిగా అటూఇటూ ఊపండి, తెల్ల గుడ్డ మీద వంపండి. గుడ్డ మీద రంగు, నలకలు ఏమీ రానంతవరకూ అలా చేస్తూనే ఉండండి. రాగి ఇత్తడి రేడియేటర్ మరీ మొండిగా ఉంటే లీటరు వేడి నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి పావుగంట ఉంచొచ్చు, కానీ రేడియేటర్‌కి మాత్రమే, బ్లాకులకి కాదు. తర్వాత బాగా కడిగి, చివరి రెండు విడతలు డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాలి.

పాత ట్యూబుల్ని కడిగి మళ్లీ వాడదామని చూడకండి. నల్లటి ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) ట్యూబు వేసుకోండి, లోపల రంగు కనిపించదు నిజమే కానీ ప్లాస్టిసైజర్ గొడవ ఉండదు.

మౌనపంపు:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాది ఏఐఓ (కంపెనీయే నింపి సీలు వేసిన వాటర్ కూలర్), ఆన్ చేసినప్పుడు గళగళ శబ్దం. దీన్ని కూడా ఇలా విప్పి కడగొచ్చా?

రాగిఫిన్:

వద్దు బ్రో, అవి మళ్లీ నింపడానికి చేసినవి కావు, విప్పితే వారంటీ కూడా పోతుంది. ట్యూబుల గోడల్లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీరు ఆవిరవుతూ ఉంటుంది, ఆ ఖాళీలో గాలి చేరుతుంది. గాలి పైకే పోతుంది కాబట్టి రేడియేటర్ పై భాగం పంపు కంటే ఎత్తులో ఉండేలా బిగించు, చాలాసార్లు శబ్దం అంతటితో పోతుంది. రెక్కల దుమ్ము బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాను వేలితో పట్టుకో, గాలికి ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వకు. ఇంత చేసినా వేడి తగ్గకపోతే వారంటీ కాగితం వెతుక్కో.

బెజవాడ_బిల్డర్:

రెండు బ్లాకులూ కడిగేశా, రేడియేటర్లూ అయిపోయాయి, ఈపీడీఎం ట్యూబు ఆర్డర్ పెట్టా. ఓ-రింగులకి వాజెలైన్ రాయొచ్చా? నింపాక నేరుగా ఆన్ చేసెయ్యొచ్చా?

రాగిఫిన్:

వాజెలైన్ వద్దు, ఈపీడీఎం రింగులైతే పెట్రోలియం జెల్లీకి ఉబ్బిపోతాయి. సిలికాన్ గ్రీజు పల్చగా, మెరుపు కనిపించేంత చాలు. ఫిట్టింగులు చేత్తో బిగించు, స్పానర్ పెట్టి తిప్పితే రింగు నలిగి లీకవుతుంది.

నేరుగా ఆన్ చెయ్యకు. మదర్‌బోర్డు 24 పిన్ను, సీపీయూ, కార్డు పవర్ కేబుళ్లు అన్నీ పీకేసి పంపుకి మాత్రమే కరెంటివ్వు. పవర్ సప్లైని జంపర్ ప్లగ్గుతో (మదర్‌బోర్డు లేకుండానే సప్లైని ఆన్ చేసేది) ఆన్ చేసుకోవచ్చు, కొన్ని సప్లైల డబ్బాలోనే వస్తుంది. ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ పేపర్ పెట్టు. రిజర్వాయర్ నిండుగా పోసి రెండు మూడు సెకన్లు పంపు వెయ్, మట్టం పడగానే ఆపి మళ్లీ పొయ్యి. డీ5 లోపల బేరింగుకి ఆ నీళ్లే కందెన, ఉత్తినే తిప్పకూడదు. నిండాక కేసు అటూఇటూ వంచుతూ బుడగలు పైకి తెప్పించు, ఒక పూటంతా అలాగే నడవనివ్వు. టిష్యూలు పొడిగా ఉంటే అప్పుడు కేబుళ్లు పెట్టి, మళ్లీ అదే టెస్టు నడిపి ఆ మూడు అంకెలూ ఇక్కడ పెట్టు, చూద్దాం.

బెజవాడ_బిల్డర్:

గది 34, నీళ్లు 40, సీపీయూ 74. టిష్యూలు పొడిగానే ఉన్నాయి. థాంక్స్ అన్నా, థాంక్స్ మాస్టారూ. ఈసారి క్లియర్ కూలెంటే పోశా, ఎన్నాళ్లకి మార్చాలి?

ల్యాబ్_మాస్టారు:

ఏడాదికోసారి మార్చండి, పాస్టెల్ అయితే ఆరు నెలలకే చూసుకోమనేవాడిని. ఈలోగా నీళ్లకీ సీపీయూకీ తేడా 40 దాటడం మొదలుపెడితే తేదీ కోసం ఆగకండి.