బోటు ఇంజన్ మానిఫోల్డుకు పగులు, అతుకుతుందా?

ప్రశ్న: సంగమేశ్వరం దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో నాకో చిన్న బోటుంది. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్. పొగ వెళ్లే మానిఫోల్డుకు ఫ్లాంజి (బోల్టులతో బిగించే అంచు) మూలలో బొటనవేలంత పగులు, చుట్టూ మసి. ఎం-సీల్ పెడితే అరగంటకే మాడి రాలింది. కర్నూలులో మామూలు రాడ్‌తో వెల్డింగ్ కొట్టించాను. చల్లారేటప్పుడు ‘టిక్’మని పక్కనే ఇంకో గీత! కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదన్నా.

జవాబు: అది పోత ఇనుము తమ్ముడూ, మామూలు రాడ్‌కు లొంగదు. నికెల్ రాడ్ ఉన్న షాపు వెతుకు. ముందు పగులు రెండు కొనల్లో 3 మి.మీ. రంధ్రాలు వేయించు, లేకుంటే పాకుతూనే ఉంటుంది. గ్రైండర్‌తో గాడి తీసి, లోపలి నూనె కాల్చేయాలి. ముక్కంతా వేడిచేసి అంగుళం అంగుళం వెల్డ్ పెడుతూ, వేడి మీదే చిన్న సుత్తితో తట్టాలి. తర్వాత మెల్లగా చల్లారేలా పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలెయ్. నీళ్లు పోశావో, మళ్లీ మొదటికే.

ఇంకొకరు: సైలెన్సర్ బరువంతా మానిఫోల్డు మీదే వేలాడుతోందేమో చూడన్నా. బ్రాకెట్ లేకపోతే ఎంత అతికించినా దండగే. ఫ్లాంజి వంకరపోతే లేత్ మీద చదును చేయించి కొత్త గాస్కెట్ వెయ్. అంతదాకా జనాన్ని ఎక్కించొద్దు. పగులులోంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి వాసన ఉండదు.

ప్రశ్న అడిగినవారు: బ్రాకెట్ లేదన్నా, తీగతో కట్టినాను! బూడిదకు మా అవ్వ పొయ్యి ఉందిలే.